దేవుడు లేడనడం కూడా ఒక మతమేనా?

మీరడిగింది ఇదీ. మీ తమ్ముడు నాస్తికుడు. మొన్న మాటల మధ్యలో మీరు "నీదీ ఒక మతమే కదా" అన్నారు, అతను తాడెత్తున లేచాడు. దేవుడు ఉన్నాడన్నది ఎంత నమ్మకమో లేడన్నదీ అంతే నమ్మకమని మీ మొదటి వాదన. నాస్తికులకూ సంఘాలు, సభలు, గురువులు, ప్రచారం ఉన్నాయని రెండోది. అమెరికాలో ఒక కోర్టే నాస్తికత్వం మతమని చెప్పిందిగా అని మూడోది. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: దరఖాస్తుల్లో మతం అనే గడి దగ్గర అతను ఏం రాయాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. నాస్తికత్వం దానంతటది మతం కాదు. అది ఒక ప్రశ్నకు ఒక జవాబు, అంతవరకే. అయితే ఆ జవాబును నట్టనడుమ నిలబెట్టి దాని చుట్టూ మతం లాంటిది కట్టుకోవడం సాధ్యమే, కొందరు కట్టుకున్నారు కూడా. కాబట్టి మీ తమ్ముడి కోపంలో న్యాయముంది, మీ అనుమానంలోనూ పస ఉంది. నేను ముప్ఫై ఏళ్లు తత్వశాస్త్రం పాఠం చెప్పాను, అందులో ఎక్కువ భాగం మతాల గురించే. నేను దేవుణ్ణి నమ్మను. ఆ సంగతి ముందే తెలిస్తే నా మాటను ఎంతవరకు తీసుకోవాలో మీరే తూచుకోవచ్చు.

ఈ పేచీలో సగం "మతం" అనే మాటలోనే ఉంది. సంస్కృతంలో "మన్" అంటే తలచడం. మతి, మతం రెండూ అందులోంచి వచ్చినవే. మతం అంటే తలచినది, అభిప్రాయం. సమ్మతం, అభిమతం, అనుమతి అన్నప్పుడు ఇవాళ్టికీ ఆ పాత అర్థమే వినిపిస్తుంది. శాస్త్ర చర్చల్లో "ఫలానా ఆచార్యుడి మతం ఇది" అంటే ఆయన అభిప్రాయం ఇదని. అద్వైత మతం, ద్వైత మతం అనడం ఆ లెక్కనే. దేవుణ్ణీ పరలోకాన్నీ ఒప్పుకోని చార్వాకులది కూడా చార్వాక మతం అని పాతవాళ్లు ఏ సంకోచమూ లేకుండా అన్నారు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు దర్శనాలన్నిటినీ వరసగా వివరిస్తూ మొట్టమొదటి అధ్యాయం చార్వాకులకే ఇచ్చాడు. ఖండించడానికే ఇచ్చాడు, నిజమే, కానీ వాళ్లదీ ఒక దర్శనమని ఒప్పుకునే ఇచ్చాడు.

ఆ అర్థంలో అయితే మీరన్నది నూటికి నూరుపాళ్లు సరి. నాస్తికుడిది ఒక మతమే, అంటే ఒక అభిప్రాయమే. కానీ మీరు ఆ అర్థంలో అనలేదు, అతనూ ఆ అర్థంలో వినలేదు. ఇవాళ మతం అంటే పుట్టుకతోనే అంటుకునే గుర్తింపు, పూజ, పండుగ, పెళ్లి, చావు, ఎవరు మనవాళ్లు ఎవరు కాదు అన్న లెక్క, జనాభా లెక్కల కాగితం మీద ఒక గడి. అభిప్రాయానికీ దీనికీ ఒకే మాట వాడితే పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదివినట్టే.

"నాస్తికుడు" అనే మాట సంగతి ఇంకా చిక్కు. పాణిని సూత్రం ఒకటుంది: "అస్తి నాస్తి దిష్టం మతిః". ఉంది అనే మతి కలవాడు ఆస్తికుడు, లేదు అనే మతి కలవాడు నాస్తికుడు. ఆ సూత్రంలోనే "మతి" ఉంది చూడండి. ఏది ఉంది, ఏది లేదు? పాణిని చెప్పలేదు. వ్యాఖ్యాతలు "పరలోకం" అని పూరించారు. మనుస్మృతి దగ్గరికి వచ్చేసరికి అర్థం మారింది: "నాస్తికో వేదనిందకః", వేదాన్ని తప్పుపట్టేవాడు నాస్తికుడు. దేవుడు లేడనేవాడు అన్న ఇప్పటి అర్థం బాగా స్థిరపడింది ఆ తర్వాత. ఈ కొలతలు మారినప్పుడల్లా ఎవరు ఏ వైపున పడతారో కూడా మారిపోతుంది. మీమాంసకులు వేదాన్ని ప్రాణంగా చూసుకున్నవాళ్లు, కానీ లోకాన్ని సృష్టించిన ఈశ్వరుడు ఉన్నాడంటే ఒప్పుకోలేదు. వాళ్లలో పేరున్న కుమారిల భట్టు ఆ సృష్టికర్త వాదాన్ని గట్టిగా ఖండించాడు. సాంఖ్య సూత్రాల్లో "ఈశ్వరాసిద్ధేః" అని ఉంది, ఈశ్వరుడు ఉన్నాడని రుజువు కావడం లేదు గనక అని. అయినా వేదాన్ని ఒప్పుకున్నారు కాబట్టి ఈ రెండు పక్షాలూ ఆస్తిక దర్శనాలే! కర్మను, పునర్జన్మను, మోక్షాన్ని నమ్మే జైనులు, బౌద్ధులు మాత్రం నాస్తికుల జాబితాలోకి వెళ్లారు.

దేశం దాటి వెళ్లినా ఈ మాట తీరు ఇంతే. గ్రీకులో "అథెయోస్" అంటే దేవుళ్లు లేనివాడు. రోమన్ సామ్రాజ్యంలో ఆ నింద ఎక్కువగా పడింది క్రైస్తవుల మీద, ఊరి దేవతలకు మొక్కరు కాబట్టి. 2వ శతాబ్దంలో స్మిర్నా నగరంలో పాలీకార్ప్ అనే ముసలి బిషప్పును గోదాలోకి తెచ్చి నిలబెట్టారు. చుట్టూ జనం అరుస్తున్నారు. అధికారి జాలిపడి బయటపడే దారి చూపించాడు: "నాస్తికులు నశించాలి అను, వదిలేస్తాను." నాస్తికులంటే అతని దృష్టిలో క్రైస్తవులు. పాలీకార్ప్ ఆ జనం వైపు చూశాడు, వాళ్లకేసి చెయ్యి ఊపాడు, నిట్టూర్చి, ఆకాశం వైపు తలెత్తి, "నాస్తికులు నశించాలి" అన్నాడు. తర్వాత అతన్ని కాల్చి చంపారు. ఈ ఘట్టం చెప్పిన ప్రతిసారీ తరగతి గది నిశ్శబ్దమైపోయేది. ఒకే మాట, ఒకే క్షణం, ఇద్దరు మనుషులు, రెండు దిక్కులకు వేళ్లు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, దేవుణ్ణి నమ్మడం, మతం ఉండడం అనేవి రెండు వేరువేరు కొలతలు. మనం వాటిని ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ ప్రశ్న పుట్టింది.

జైన మతాన్నే చూడండి. గుళ్లున్నాయి, విగ్రహాలున్నాయి, సన్యాసులున్నారు, కఠినమైన వ్రతాలున్నాయి, రెండున్నర వేల ఏళ్లకు తగ్గని చరిత్ర ఉంది. సృష్టికర్త మాత్రం లేడు. తీర్థంకరుడి ముందు చేతులు జోడించి నిలబడ్డ భక్తుడికి శాస్త్రం ప్రకారం తెలుసు, ఆయన తన మొర ఆలకించి వరమివ్వడని. ఆయన రాగద్వేషాలు దాటి వెళ్లిపోయినవాడు, వరమివ్వాలన్న కోరిక కూడా ఆయనకు ఉండదు. ఆ నమస్కారం భక్తుడి లోపలి శుద్ధికే. దేవుడు లేకుండా ఇంతకన్నా నిండైన మతం ఎక్కడుంది? మన సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో ఈ సంగతే తేల్చి చెప్పింది. మతానికి దేవుడి మీద విశ్వాసం తప్పనిసరి కాదని, బౌద్ధం, జైనం దేవుణ్ణి నమ్మని మతాలేనని.

రెండో వైపున 18వ శతాబ్దపు ఐరోపాలో డీయిస్టులు అనేవాళ్లుండేవారు. లోకాన్ని చేసిన దేవుడు ఒకడున్నాడు, ఆ తర్వాత ఆయన ఇందులో జోక్యం చేసుకోడు, ప్రార్థన అక్కర్లేదు, పూజారి అక్కర్లేదు అన్నారు. వాళ్లకు దేవుడున్నాడు, మతం లేదు. దేవుడు లేని మతం ఉండగలిగినప్పుడు, మతం లేని దేవుడు ఉండగలిగినప్పుడు, "దేవుడు లేడు" అన్న ఒక్క మాటను పట్టుకుని అది మతమో కాదో తేల్చలేం.

ఇక మీ మొదటి వాదన. రెండూ నమ్మకాలే కదా అన్నారు. "దేవుడున్నాడని నేను నమ్మను" అనేది ఒక మాట. "దేవుడు లేడని నేను నమ్ముతాను" అనేది ఇంకో మాట. తెలుగులో ఈ తేడా వ్యాకరణంలోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: మొదటిదాంట్లో నమ్మడమే లేదు, రెండోదాంట్లో ఉంది. చాలామంది నాస్తికులు మొదటి రకం. వాళ్లను పట్టుకుని "నీదీ నమ్మకమే" అంటే చేతిలో ఏమీ లేనివాణ్ణి పిడికిలి విప్పమన్నట్టు ఉంటుంది. రెండో రకం వాళ్ల విషయంలో మీరన్నది నిజం. వాళ్లు ఒక సంగతిని గట్టిగా చెబుతున్నారు, చెప్పినందుకు కారణాలు చూపించే బాధ్యత వాళ్లకూ ఉంది. నేను రెండో రకం వాణ్ణే, ఆ బాధ్యతను ఎప్పుడూ తప్పించుకోలేదు.

కానీ ఒక సంగతిని గట్టిగా చెప్పడం వేరు, మతం వేరు. తెలుగులో నమ్మకం అనే మాట చాలా బరువులు మోస్తుంది. వాన వస్తుందని నమ్మకం, మిత్రుడి మీద నమ్మకం, దేవుడి మీద నమ్మకం. మొదటిది అంచనా. రెండోది మనిషితో బంధం. మూడోదాంట్లో ఆ రెండూ ఉండి, ఇంకా శరణాగతి కూడా ఉంటుంది. నాస్తికుడి నమ్మకం మొదటి తరగతికి చెందింది. 10, 11 శతాబ్దాల నాటి తార్కికుడు ఉదయనుడు ఈశ్వరుడు ఉన్నాడని నిరూపించడానికి ఒక్కో ప్రమాణమే పేర్చుకుంటూ పోయాడు. అవతలి పక్షం వాళ్లు ఆ ప్రమాణాలు ఎందుకు నిలవవో చెప్పారు. ఇరుపక్షాల్లో ఎవరూ "నీదీ విశ్వాసమే, నాదీ విశ్వాసమే, ఇక ఊరుకుందాం" అనలేదు. అలా అనుకుంటే చర్చ అక్కడికక్కడే ముగిసిపోతుంది. మీ తమ్ముడికి కోపం వచ్చింది బహుశా ఇందుకే: అతను కారణాలు చెబుతుంటే మీరు వాటికి జవాబివ్వకుండా వాటి మీద ఒక పేరు అతికించారు.

నాస్తికుల తరఫున తరచు వినిపించే ఒక ఉపమానం ఉంది. నాస్తికత్వం మతమైతే స్టాంపులు సేకరించకపోవడం కూడా ఒక హాబీయే అని. వినడానికి బాగుంటుంది, నాకు మాత్రం అది నచ్చదు. స్టాంపులు సేకరించనివాళ్లు సంఘం పెట్టుకోరు, పత్రిక నడపరు. స్టాంపులు సేకరించనన్నందుకు ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరూ ఊరు విడిచి పారిపోలేదు. దేవుడు లేడనడం అంత తేలిక మాట కాదు. అన్నవాడి బతుకును అది తాకుతుంది. మీ రెండో వాదనకు అందుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఇక్కడ నా కళ్లతో చూసింది ఒకటి చెప్పాలి. నాకొక ఆప్తమిత్రుడు ఉండేవాడు, జీవితమంతా నాస్తికుడు. చనిపోయాక ఏ తంతూ వద్దని, దేహాన్ని వైద్య కళాశాలకు ఇచ్చేయమని రాసిపెట్టి పోయాడు. అలాగే ఇచ్చేశారు. వాహనం వెళ్లిపోయాక మేమంతా ఆ ఇంటి ముందుగదిలో నిలబడిపోయాం. ముప్ఫై మందిమి. ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. అంత దుఃఖానికి ఒక ఆకారం లేదు. కాసేపటికి అతని కూతురు లోపలికి వెళ్లి, బల్ల సొరుగులోంచి ఆమె చదువుకునే రోజుల్లో ఆయన రాసిన ఉత్తరం ఒకటి తెచ్చి, నిలబడే చదివింది. తర్వాత ఒక్కొక్కరం ఒక్కో జ్ఞాపకం చెప్పుకున్నాం. ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీని ఎవరూ చెప్పకుండానే ఖాళీగా వదిలేశాం.

మరుసటి ఏడు అదే రోజున మళ్లీ కలిశాం. మళ్లీ ఆ ఉత్తరమే చదివింది. మళ్లీ జ్ఞాపకాలు, దాదాపు అదే వరసలో. కుర్చీ మళ్లీ ఖాళీగానే ఉంది. మూడో ఏడు ఒక కొత్త మనిషి వచ్చాడు, తెలియక ఆ కుర్చీలో కూర్చోబోయాడు. మాలో పెద్దాయన ఒకరు, ఆయన కూడా నాస్తికుడే, గభాలున చెయ్యి అడ్డుపెట్టి "అది ఆయన కుర్చీ" అన్నారు. గదంతా ఒక్క క్షణం ఆగిపోయింది. నాకు ఒళ్లు జలదరించింది. మతం ఎలా పుడుతుందని ఏళ్ల తరబడి పుస్తకాల్లోంచి చెప్పానో అది నా కళ్ల ముందు పుడుతోంది. అప్పుడు కూతురు అంది, "ఫర్వాలేదు, కూర్చోండి. నాన్న ఉన్నా కూర్చోమనేవారే." అతను కూర్చున్నాడు. నాలుగో ఏడు ఉత్తరం బదులు ఇంకేదో చదివారు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు.

ఫ్రెంచ్ సామాజికవేత్త ఎమిల్ దుర్ఖైం 1912లో మతానికిచ్చిన నిర్వచనంలో దేవుడి ఊసే లేదు. పవిత్రమని పక్కకు తీసిపెట్టిన వస్తువులు, వాటి చుట్టూ నమ్మకాలు, ఆచారాలు, వాటి ద్వారా ఒక్కటైన సమాజం, ఇదే మతమన్నాడు. నాకు తెలిసినవాటిలో పనికొచ్చే నిర్వచనం ఇదే. దాన్ని ఆ కుర్చీ దగ్గర పెట్టి చూడండి. మూడో ఏడు ఆ పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టినప్పుడు అది పవిత్ర వస్తువు. కూతురు "కూర్చోండి" అన్నాక అది మళ్లీ కుర్చీ. ఒక సంఘం మతమైందా లేదా అని చూడాలంటే నేను దాని సభలను, జెండాలను, పత్రికలను చూడను. అక్కడ ఎవరైనా "ఫర్వాలేదు, కూర్చోండి" అనగలరా అన్నది చూస్తాను.

ఈ కొలతతో చూస్తే నాస్తికుల్లో మతం కట్టినవాళ్లు కచ్చితంగా ఉన్నారు. ఆగస్ట్ కాంట్ దాన్ని దాచలేదు కూడా. సమాజ శాస్త్రానికి పేరుపెట్టిన ఈ ఫ్రెంచ్ తత్వవేత్త దేవుణ్ణి పక్కనపెట్టి "మానవతా మతం" అని పేరు పెట్టి మరీ స్థాపించాడు. 1849లో దానికో క్యాలెండర్ తయారుచేశాడు: 13 నెలలు, నెలకు 28 రోజులు, నెలలకు మోషే, హోమర్, అరిస్టాటిల్, గుటెన్‌బర్గ్, షేక్‌స్పియర్ వంటి మహనీయుల పేర్లు. పూజారులు, సంస్కారాలు, ప్రార్థన అన్నీ ఉన్నాయి. క్రైస్తవాన్ని తీసేసిన కేథలిక్ మతం ఇది అని ఇంగ్లండు జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ అన్నాడు, తనను "అజ్ఞేయవాది" (దేవుడున్నాడో లేడో తెలియదనేవాడు) అని చెప్పుకోవడానికి 1869లో ఇంగ్లిష్‌లో కొత్త మాట పుట్టించింది ఈ హక్స్‌లీయే. కాంట్ మతం బ్రెజిల్‌లో బాగా వేళ్లూనింది. రియో డి జెనీరోలో దాని గుడి ఉంది, ఆ దేశపు జెండా మీద ఉన్న "క్రమం, ప్రగతి" అన్న మాటలు కాంట్ సూక్తిలోంచి తీసుకున్నవే. కాంట్ చేసింది నాకు తప్పుగా తోచదు. దుఃఖానికీ సంతోషానికీ ఒక ఆకారం కావాలని ఆయన గ్రహించాడు. ఆ ముందుగదిలో నిలబడ్డ రోజు నుంచి నాకూ అది తెలుసు.

సోవియట్ యూనియన్ కథ అలాంటిది కాదు. రష్యన్ ఇళ్లలో పవిత్ర చిత్రాలు పెట్టుకునే మూలను ఎర్ర మూల అనేవారు. పాత రష్యన్‌లో ఎరుపుకు, అందానికి ఒకటే మాట. విప్లవం తర్వాత కర్మాగారాల్లో, క్లబ్బుల్లో, పాఠశాలల్లో ఎర్ర మూల అంటే లెనిన్ పటం ఉండే మూల అయింది. పేరు అదే, బొమ్మ మారింది. 1924లో లెనిన్ చనిపోతే దేహాన్ని పాడవకుండా భద్రపరిచి జనం వరసల్లో వచ్చి చూసేలా పెట్టారు, ఇప్పటికీ అక్కడే ఉంది. 1925లో నాస్తికుల సంఘాన్ని ఏర్పాటు చేసి దేశమంతా మతవ్యతిరేక ప్రచారం నడిపించారు. చర్చిలు మూశారు, పూజారులను చంపారు. 1967లో అల్బేనియా పాలకుడు ఎన్వర్ హోజా ఇంకో అడుగు ముందుకు వేసి మొత్తం దేశాన్నే నాస్తిక రాజ్యంగా ప్రకటించాడు, ప్రార్థన నేరమైంది. అక్కడ లెనిన్ పటం ముందు, హోజా మాట ముందు "ఫర్వాలేదు, కూర్చోండి" అనగలిగినవాడు ఎవడు? నాస్తికులు కొందరు దీన్ని తప్పించుకోవడానికి అది నాస్తికత్వం కాదు, రాజకీయం అంటారు. నేను అలా అనను. దేవుడు లేడన్న మాటను నినాదంగా పెట్టుకుని, ప్రశ్నించకూడని మనిషినీ ప్రశ్నించకూడని గ్రంథాన్నీ దాని పక్కన నిలబెట్టారు. దుర్ఖైం చెప్పిన అర్థంలో అది మతమే, చాలా క్రూరమైన మతం. మనుషులను చంపిన సంగతిని మాటల మాటున దాచకూడదు.

మన గోరా గారిని ఈ వరసలో పెట్టలేం. గోపరాజు రామచంద్రరావు గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. దేవుడు లేడన్నది ఆయనకు మొదలు మాత్రమే. అక్కడి నుంచి అంటరానితనం మీదికి, కులం మీదికి, మూఢనమ్మకాల మీదికి వెళ్లారు. దేవుణ్ణి అంతగా నమ్మిన గాంధీతో కూర్చుని వాదించారు, ఆయనతో కలిసి పనిచేశారు. గోరా కూతురు దళిత యువకుణ్ణి పెళ్లి చేసుకోవాలనుకున్నప్పుడు గాంధీ సేవాగ్రాం ఆశ్రమంలో జరిపిస్తానన్నారు, దేవుడి పేరున అనే చోట సత్యం పేరున అంటానని ఒప్పుకున్నారు. పెళ్లి నాటికి ఆయన లేరు. 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఆకాశం విరిగిపడదని ఇద్దరూ అనుకున్నారు. ఉద్యమం ఉంది, సంఘం ఉంది, పెళ్లి తంతు కూడా ఉంది. కానీ అంతా మార్చుకోగలిగిందే. దాన్ని నేను మతం అనలేను.

మూడో వాదన, కోర్టుది. మీరు విన్న తీర్పు 2005 నాటిది, అమెరికాలో ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఇచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక ఖైదీ జైల్లో నాస్తికుల అధ్యయన బృందం పెట్టుకుంటానన్నాడు. మతాలవాళ్లకు అలాంటి బృందాలున్నాయి. జైలు అధికారులు ఇది మతం కాదు కాబట్టి ఆ నిబంధనల కింద చూడం అన్నారు. కోర్టు ఏమందంటే, మత స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగపు మొదటి సవరణ ఇచ్చే రక్షణ మేరకు నాస్తికత్వం అతని మతమే, కాబట్టి ఇతర మతాల వాళ్లతో సమానంగా చూడాల్సిందే అని. "ఆ రక్షణ మేరకు" అన్న భాగాన్ని చెప్పేవాళ్లు చాలామంది మింగేస్తారు. నాస్తికత్వం అంటే ఏమిటని తత్వ విచారణ చేయడం ఆ కోర్టు ఉద్దేశం కాదు. వానలో తడుస్తున్నవాణ్ణి గొడుగు కిందికి లాగడమే అది చేసింది. మతం అనే మాట అమెరికా రాజ్యాంగంలో గొడుగు పేరు, వేరే పేరు అక్కడ లేదు.

ఐరోపాలో ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడి మానవ హక్కుల ఒప్పందంలో "మతం లేదా విశ్వాసం" అని రెండు మాటలున్నాయి. 1993లో గ్రీసు మీద వచ్చిన ఒక కేసులో ఐరోపా మానవ హక్కుల కోర్టు, ఆలోచనా స్వేచ్ఛ మతస్థులకు ఎంత విలువైందో నాస్తికులకు, అజ్ఞేయవాదులకు, సంశయవాదులకు, అసలు ఈ గొడవే పట్టనివాళ్లకు కూడా అంతే విలువైందని చెప్పింది. ఆ చివరి తరగతిని కూడా లెక్కలోకి తీసుకోవడం నాకు ఎంతో నచ్చింది. గొడుగు కిందికి రావడానికి మతం అనే చొక్కా తొడుక్కోవాల్సిన పని లేకుండా చేశారు.

ఈ గొడుగు ఎందుకు కావాల్సి వచ్చిందో మరచిపోకూడదు. 1880లో చార్లెస్ బ్రాడ్‌లా అనే నాస్తికుడు ఇంగ్లండులో నార్తాంప్టన్ నుంచి పార్లమెంటుకు గెలిచాడు. దేవుడి పేరున ప్రమాణం బదులు మామూలు హామీ ఇస్తానన్నాడు. ఒప్పుకోలేదు. ప్రమాణమే చేస్తానంటే అదీ ఒప్పుకోలేదు, నమ్మనివాడి ప్రమాణానికి విలువేంటని. సీటు పోయింది, మళ్లీ గెలిచాడు, మళ్లీ పోయింది. నియోజకవర్గం మళ్లీ మళ్లీ గెలిపిస్తూనే ఉన్నా 1886 దాకా అతన్ని సభలో నిలకడగా కూర్చోనివ్వలేదు. 1888లో చట్టమే మారింది, అందుకు పూనుకున్నది అతనే. అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక నోటరీ అభ్యర్థి దేవుడున్నాడని ప్రకటించనన్నందుకు పదవి ఇవ్వకపోతే, అలాంటి షరతు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1961లో ఏకగ్రీవంగా కొట్టేసింది. ఇవాళ మన చట్టసభల్లో ఒకరు "దైవసాక్షిగా" అని, పక్కనే ఇంకొకరు "ఆత్మసాక్షిగా" అని ప్రమాణం చేస్తే ఎవరూ తలెత్తి కూడా చూడరు. రాజ్యాంగంలో రెండు దారులూ పక్కపక్కనే రాసిపెట్టారు కాబట్టి.

నాస్తికత్వాన్ని మతం అనడంలో రెండు రకాల ఉద్దేశాలు కనిపిస్తాయి, అవి ఎదురుబొదురుగా ఉంటాయి. కోర్టు అన్నది కాపాడడానికి. వాదనలో అనేవాళ్లు మాత్రం ఎక్కువగా కిందికి లాగడానికి అంటారు, నువ్వూ మాలాంటివాడివేలే అని. ఇది ఇంట్లో మాటల వరకే ఆగితే ఫర్వాలేదు. ప్రభుత్వ పాఠశాలలో దేవుడి పాఠం చెప్పకపోవడం కూడా నాస్తిక మతాన్ని బోధించడమే అనే వాదన దీన్నుంచే పుడుతుంది. లెక్కల పాఠంలో దేవుడి ప్రస్తావన లేనంత మాత్రాన అది నాస్తిక లెక్కలు కావు. ఒక విషయం మీద ఊరుకోవడానికీ దాన్ని కాదనడానికీ తేడా ఉంది. ఆ తేడాను చెరిపేస్తే అందరూ కలిసి కూర్చోగలిగే చోటు మిగలదు. మీరు అలా వాడారని నేననడం లేదు, కానీ ఆ మాట వెళ్లే దారి ఇది.

మీ తమ్ముడితో మళ్లీ కూర్చున్నప్పుడు "నీదీ మతమేనా" అన్న ప్రశ్న పక్కన పెట్టండి. దేవుడు లేడనుకోవడం వల్ల అతను రోజూ చేసేదేంటో, చేయనిదేంటో అడగండి. చనిపోయినవాళ్లను ఎలా తలచుకుంటాడో అడగండి. అతని సంఘంలో పెద్దవాళ్ల మాటను కాదంటే ఏమవుతుందో అడగండి. అక్కడ అతను తడబడితే మీ అనుమానానికి బలం ఉన్నట్టు. సంకోచం లేకుండా చెబితే ఆ మాటను వెనక్కి తీసుకోండి. అతను మీ పూజను కించపరిచి మాట్లాడి ఉంటే, అదీ సరికాదని నా మాటగా చెప్పండి.

ఇక దరఖాస్తులో గడి సంగతి. మతం లేదు అని రాసుకునే హక్కు అతనికుంది. ప్రభుత్వం తన పత్రాల్లో మతం చెప్పి తీరాలని ఎవరినీ ఒత్తిడి చేయకూడదని, ఏ మతానికీ చెందనని చెప్పుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలోని అంతరాత్మ స్వేచ్ఛలో భాగమని బొంబాయి హైకోర్టు 2014లో చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివాళ్లుగా నమోదైనవాళ్లు సుమారు 28.7 లక్షలు, మొత్తంలో 0.24 శాతం. వాళ్లంతా నాస్తికులు కారు. 2021లో ఇంగ్లండ్, వేల్స్‌లో 37.2 శాతం మంది "మతం లేదు" అన్న గడిలో టిక్కు పెట్టారు, వాళ్లలోనూ దేవుణ్ణి నమ్మేవాళ్లు ఉంటారు. అందుకే "నాస్తికుడు" అని రాయడం కన్నా "మతం లేదు" అని రాయడమే సరైనది. ఆ గడి అడుగుతున్నది మతం గురించే, దేవుడి గురించి కాదు. ఆన్‌లైన్ దరఖాస్తులో ఆ ఎంపిక లేకపోతే "ఇతరములు" ఎంచుకోమనండి. అదీ లేకపోతే ఆ కార్యాలయానికి రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చేదాకా దరఖాస్తు నకలు దగ్గర పెట్టుకోమనండి.